ముదిగుబ్బ దాటాక పట్టని బ్రేకు

బస్సు డిపోలో ముప్పై మూడేళ్లు మెకానిక్‌గా పనిచేశాను. ఆ ఏళ్ల గురించి చెప్పమంటే చెప్పడానికి చాలానే ఉంది. కానీ ఇప్పుడు రాస్తున్నది డిపోలో జరిగింది కాదు. రిటైరై పదేళ్లు దాటాక, డెబ్బై దగ్గరపడ్డాక జరిగింది. ఈ పనిలో నేను కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ మిగల్లేదని అప్పటికి గట్టిగా నమ్ముతూ ఉండేవాణ్ణి. స్పానరు పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు ఇది చదివితే, ఒక మేస్త్రి ఎంత దూరం పొరపడగలడో తెలుస్తుంది. పేర్లు రాయను. వాళ్లంతా అనంతపురంలోనే ఉన్నారు, ప్రతి ఆదివారం వాళ్ల మొహాలు నేను చూడాలి.

మా ఊళ్లో పాత కార్లు, పాత జీపులు పెట్టుకున్నవాళ్ల సంఘం ఒకటుంది. మొదలైనప్పుడు పద్నాలుగు మందిమి. అధ్యక్షుడిది పెద్ద రైతు కుటుంబం. వాళ్ల నాయన ఎలక్షన్లలో ఊరూరా తిరిగిన జీపును ఆయన ఇంకా నడిపేవాడు. ఆయనకొక వేరుశనగ మిల్లు ఉండేది. వానలు ఎగ్గొట్టి, కాయలు రాక అది మూతపడింది. ఖాళీ అయిన ఆ షెడ్డే మా బండ్లకు కొట్టమైంది. ఇప్పటికీ ఎండాకాలం ఆ గోడల్లోంచి కాయల దుమ్ము వాసన వస్తుంది. బట్టల అంగడి నడిపే ఆయన ఒకరు, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్ ఒకరు, ఇంకా ఇలాంటివాళ్లే కొందరు. అందరికీ బండ్లున్నాయి. నాకు లేదు. నాకున్నది చేతిపని. బండి లేకపోయినా నన్ను సభ్యుడిగా రాసుకున్నారు. నన్ను మేస్త్రీ అని, మెచ్చుకోవాలనిపిస్తే డాక్టర్ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు నాకు బాగానే తలకెక్కింది.

ఏళ్లు గడిచేకొద్దీ పద్నాలుగు మందిమి తొమ్మిదిమందిమయ్యాం. కొందరు పోయారు, ఇద్దరు మంచాన పడ్డారు. షెడ్డులో నాలుగు బండ్లు గుడ్డలు కప్పుకుని అలాగే ఉండిపోయాయి. మాలో అందరికన్నా చిన్నవాడికి అరవై రెండు. ఒక ఆదివారం టీ తాగుతూ లెక్చరర్ అడిగాడు.

"మేస్త్రీ, నీ తర్వాత ఈ బండ్లు ఎవరు చూడాల?"

"నా తర్వాత మీరుంటే కదా," అన్నాను. అందరూ నవ్వారు. లెక్చరర్ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె వచ్చింది. ముదిగుబ్బలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి ఆమెది. నలభై ఏళ్లుంటాయి. కాలిపోయిన మోటారు విప్పి, లోపలి రాగి తీగంతా తీసేసి, కొత్త తీగ చుట్టి ప్రాణం పోయడం ఆమె పని. వాళ్ల నాయన దగ్గర నేర్చుకుంది, ఆయన పోయాక అంగడి తనే నడుపుతోంది. అధ్యక్షుడి తోటలో మోటారు బాగుచేయడానికి వచ్చినప్పుడు ఆయన మాటల్లో మా షెడ్డు సంగతి విని, ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

నేను బట్టల అంగడాయన కారు కింద పడుకుని ఉన్నాను. ఆమె వంగి చూస్తూ అంది.

"మేస్త్రీ, ఈ పని నాకు నేర్పిస్తారా?"

"ఇది కరెంటు పని కాదమ్మా."

"తెలుసు. అందుకే అడుగుతాండా."

"చేతులు పాడవుతాయి."

ఆమె తన అరచేతులు చూపించింది. తీగలు కోసి కోసి అవి నా చేతులకన్నా గరుకుగా ఉన్నాయి. ఆమె ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ పూటంతా నేను ఆమెకు వీపు పెట్టి పనిచేశాను. నా చేతులు ఏం చేస్తున్నాయో కనపడకుండా భుజం అడ్డం పెట్టాను. ఆమె ఇటు జరిగితే నేను అటు తిరిగాను. డిపోలో నా గురువు నాకూ అలాగే చేశాడు. ఆయన పక్కకు పోయినప్పుడు దొంగతనంగా చూసి నేర్చుకున్నాను. పని అంటే అలాగే వస్తుందని నా లెక్క.

భోజనాల వేళకు ఆమె లేచింది. "పోయొస్తా మేస్త్రీ," అంది. ఆ తర్వాత ఆమె షెడ్డుకు రాలేదు. నేను మర్చిపోయాను.

తర్వాతి రెండేళ్లు మా సంఘానికి మంచికాలమని అనుకున్నాను. బండ్లు ఎప్పుడూ లేనంత బాగా నడిచాయి. మూడు నెలలకొకసారి గుత్తికో, తాడిపత్రికో, వజ్రకరూరు దాకానో పోయి వచ్చేవాళ్లం. దారిలో ఒక్క బండీ ఆగేది కాదు. "వయసు మీద పడేకొద్దీ నీ చెయ్యి ఇంకా తిరుగుతాండాది మేస్త్రీ," అనేవాడు బట్టల అంగడాయన. నేను కాదనేవాణ్ణి కాదు. ఒక్క సంగతి మాత్రం వింతగా ఉండేది. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు ఎవరి బండి వాళ్లు ఇంటికి తీసుకుపోయేవాళ్లు. అడిగితే, కడిగించాలి అనేవాళ్లు. అందరికీ ఒక్కసారే శుభ్రత మీద అంత పట్టింపు ఎందుకొచ్చిందో నేను ఆలోచించలేదు.

ఆ ఏడు వాన కోసం చూసి చూసి, దున్నిన చేలు దున్నినట్లే ఉండిపోయాయి. పనులేమీ లేవు కదా, లేపాక్షి పోదామన్నారు. పెద్ద రోడ్డు మీద లారీల మధ్య మా బండ్లు తట్టుకోలేవు. ముదిగుబ్బ మీదుగా చుట్టు తిరిగి, మెల్లగా పోదామనుకున్నాం. అయిదు బండ్లు. ముందు అధ్యక్షుడి జీపు, పక్కన నేను. దాని బ్రేకులు ముందటి వారమే నేను విప్పి, లోపలి రబ్బర్లు కొత్తవి వేసి బిగించాను.

బయల్దేరేటప్పుడు బ్రేకు బాగానే పట్టింది. బత్తలపల్లి దగ్గర టీకి ఆగినప్పుడు, పెడల్ కొంచెం లోతుకు పోతోందని అధ్యక్షుడు అన్నాడు. "కొత్త రబ్బర్లు కదన్నా, సర్దుకుంటాయి," అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ముప్పై మూడేళ్లలో ఏ డ్రైవరైనా వచ్చి అలా చెబితే బండిని గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు.

ముదిగుబ్బ దాటాం. రోడ్డు మలుపు తిరిగి కిందికి దిగుతుంది. మలుపు తిరగ్గానే ఎదురుగా గొర్రెల మంద. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండిపోయి నడుస్తోంది. కాపరి వాటి మధ్యలో, మాకు వీపు పెట్టి, భుజాల మీద కట్టె అడ్డం పెట్టుకుని పోతున్నాడు.

అధ్యక్షుడు బ్రేకు తొక్కాడు. కాలు నేలకు తగిలింది.

"మేస్త్రీ," అన్నాడు ఆయన మామూలు గొంతుతో, "బ్రేకు ల్యా."

"మళ్లా తొక్కన్నా. తొక్కి తొక్కి వదులు."

తొక్కాడు. ఏమీ లేదు. చేతి బ్రేకు లాగాను. ఆ బండికి అది పేరుకే ఉంది. ఆయన గేరు తగ్గించాడు, ఇంజను అరిచింది, కానీ దిగుడులో బండి బరువు అంతకన్నా ఎక్కువ. హారన్ మీద చెయ్యి తీయకుండా నొక్కాడు. గొర్రెలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయే తప్ప దారి ఇవ్వలేదు. కాపరి వెనక్కి తిరిగాడు. అతని మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అరవనూ లేదు, పరిగెత్తనూ లేదు. ఈ బండి ఆగుతుందిలే అన్నట్లు చూస్తూ నిలబడ్డాడు.

అధ్యక్షుడు స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. బండి రోడ్డు అంచు దిగి, గట్టు ఎక్కి గాల్లోకి లేచి, దున్నిపెట్టిన చేలో పడింది. మెత్తటి ఎర్రమట్టిలో ముందు చక్రాలు దిగబడ్డాయి. ఒక పక్కకు ఒరిగి, బోల్తా పడటానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

దుమ్ము తగ్గేదాకా ఏమీ కనపడలేదు. నా నుదుటి మీద నుంచి తడి కారుతోంది. అధ్యక్షుడు స్టీరింగు మీదికి వాలి, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని ఉన్నాడు. భుజం ఎముక విరిగిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. కాపరి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమప్పా, గొర్లు కనపడలేదా మీకు?" అన్నాడు. ఆయన భుజం చూశాక ఇంకేమీ అనకుండా, తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. గొర్రెల్లో ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు.

వెనక బండ్లు ఆగాయి. బట్టల అంగడాయన చేనుకు అడ్డం పడి పరుగెత్తుకొచ్చాడు. అధ్యక్షుణ్ణి చూశాడు, జీపును చూశాడు.

"ఏమయిందన్నా?"

"బ్రేకు పోయినాది," అన్నాను నేను.

ఆయన నావైపు చూడలేదు. వెనక వస్తున్న లెక్చరర్ వైపు తిరిగి అన్నాడు.

"ఈ బండి ఆయమ్మ చూడలేదా?"

దెబ్బ తగిలిన తలలో ఆ మాట మొదట మామూలుగానే వినపడింది. తర్వాత అక్కడే ఇరుక్కుని ఆగిపోయింది.

"ఏ ఆయమ్మ?" అన్నాను.

మిగతావాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకరు చెప్పుకు అంటిన మట్టి దులుపుకుంటున్నారు. ఒకరు గొర్రెల వైపు చూస్తున్నారు. లెక్చరర్ తన తువ్వాలు మడిచి నా నుదుటికి అదిమి పట్టుకున్నాడు.

"చెప్పు సార్. ఏ ఆయమ్మ?"

"మోటార్ల ఆమె," అన్నాడు లెక్చరర్. "రెండేండ్ల నుంచి, నువ్వు చేసిన బండ్లన్నీ ఆమె మళ్లా చూస్తాండాది."

నేను మొదట నమ్మలేదు. ఎగతాళి అనుకున్నాను. తల పగిలిన మనిషితో ఎగతాళి ఏమిటని కోపం కూడా వచ్చింది. ఆయన నింపాదిగా చెప్పుకుంటూ పోయాడు. రెండేళ్ల కిందట బట్టల అంగడాయన కదిరి నుంచి వస్తుంటే ముదిగుబ్బలో కారు స్టీరింగు ఒక పక్కకు లాగింది. ఎవరో ఆమె అంగడి చూపించారు. ఆమె కింద దూరి చూస్తే, ఒక నట్టుకు వేయాల్సిన పిన్ను లేదు. ఆ నట్టు అంతకు నాలుగు రోజుల ముందు నేను బిగించిందే. ఇంకొంత దూరం పోతే స్టీరింగు చేతిలో ఉండేది, చక్రాలు వాటి దారిన అవి పోయేవి. ఆయన భయపడి, మరుసటి వారం నేను చేసిన ఇంకో బండి ఆమెకు చూపించాడు. అందులోనూ ఒక తప్పు దొరికింది. అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికి ముందు ఆమె టౌనుకొచ్చి, ఎవరింటి దగ్గర వాళ్ల బండి విప్పి, నేను చేసింది సరిచేసి పోతోంది.

"కడిగించేది..." అన్నాను.

"అవును," అన్నాడు లెక్చరర్.

నుదుటి మీది గాయం నాకు తెలియడం మానేసింది. డిపోలో ఒకసారి కరెంటు షాకు కొట్టి పడిపోయాను. అప్పుడు కూడా ఇలాగే ఉండింది. చుట్టూ ఉన్నవాళ్ల నోళ్లు కదులుతున్నాయి, మాట లోపలికి రావడం లేదు.

అధ్యక్షుణ్ణి కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమెకు ఫోను చేసింది బట్టల అంగడాయనే. నంబరు వెతుక్కోలేదు. బొటనవేలు నేరుగా దాని మీదికే పోయింది. నేను అది కూడా చూశాను. నన్ను కూడా రమ్మన్నారు గానీ నేను జీపు దగ్గర నుంచి కదలనన్నాను. లెక్చరర్ నాకు తోడుగా ఉండిపోయాడు.

అరగంటకు ఆమె ట్రాలీ ఆటోలో వచ్చింది. నన్ను చూసి తలవంచి, ముందు నాలుగు చక్రాలూ చుట్టి వచ్చింది. వెనక కుడి చక్రం లోపలి అంచంతా తడిగా ఉంది. జాకీ పెట్టి చక్రం తీసింది, డ్రమ్ము లాగింది. నేను చూస్తున్నాను. ఆమె నాకు వీపు పెట్టలేదు. నాకు కనపడేలా ఒక పక్కకు జరిగి మరీ పనిచేసింది.

పాత బండ్లలో నాలుగు చక్రాలకూ బ్రేకు ఆయిలు ఒకటే దారిలో పోతుంది. ఒక్కచోట కారిపోతే నాలుగూ పోతాయి. అది కారకుండా ప్రతి చక్రంలోనూ చిన్న రబ్బరు కప్పులుంటాయి. వాటి అంచు ఆయిలు వైపు ఉండాలి. పనిలో చేరిన మొదటి వారం చెప్పే మాట అది. నేను కొన్ని వందల మందికి కాదు గానీ, డిపోలో నా కింద చేరిన ప్రతివాడికీ చెప్పాను.

ఆమె కప్పు తీసి అరచేతిలో పెట్టి చాపింది. నేను తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను, దూరంగా పెట్టుకున్నాను. బొటనవేలితో అంచు తడిమాను. ఏమీ తెలియలేదు. రబ్బరు ఉన్నట్లే తెలియలేదు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని చూశాను.

"ఎట్ల ఉండె లోపల?" అన్నాను.

"మీకు తెలుసు మేస్త్రీ."

"నువ్వు చెప్పు."

"తిరగబడి ఉండె."

నాకు షుగరు వచ్చి ఏడేళ్లు. వేళ్ల కొసలు మొద్దుబారాయని తెలుసు. వేడి టీ గ్లాసు పట్టుకున్నా చురుక్కుమనదని సంతోషపడ్డ రోజులున్నాయి. ఆ వేళ్లతోనే, చూడకుండా, తడిమి రబ్బర్లు బిగిస్తూ వచ్చాను. నలభై ఏళ్లుగా చూడకుండా చేస్తున్నానన్నది నా గొప్ప కదా.

ఇంటికొచ్చి పడుకున్నాను. మరుసటి రోజు మా ఆవిడతో చెప్పాను, వీళ్లంతా నన్ను రెండేళ్లు మోసం చేశారని. ఆమె నా చొక్కా గుండీలు పెడుతోంది. పెడుతూనే అంది.

"ఏడాది నుంచి ఇవి నేనే పెడతాండా. ఎప్పుడన్నా ఎందుకని అడిగినావా?"

నిజంగానే అడగలేదు. ప్రేమతో పెడుతోందనుకున్నాను.

మూడు ఆదివారాలు షెడ్డుకు పోలేదు. ఫోను మోగితే ఎత్తలేదు. నాలుగో వారం ఆటో దిగి అధ్యక్షుడే వచ్చాడు, కుడి చెయ్యి మెడకు కట్టుకుని. డెబ్బై ఆరేళ్ల మనిషి. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. నేను ఆయన మొహం చూడలేక ఆ కట్టు వైపే చూస్తూ కూర్చున్నాను.

"నన్ను చంపబోతివి, అది సరే," అన్నాడు కుర్చీలో కూలబడి. "షెడ్డుకు ఎందుకు రాలే?"

"అందరూ కలిసి నన్ను బొమ్మను చేసినారు కదన్నా. ఒక్కరన్నా చెప్పకూడదా?"

"చెప్తే నువ్వు వస్తాంటివా?"

నేను నీళ్ల చెంబు ఆయన వైపు జరిపాను.

"రావు. నువ్వు రాకుంటే ఆదివారం మేము యాడికి పోవాల? బండ్లు చూసుకునేకి అంటావా? బండ్లు కావప్పా. నువ్వు ఆడ కింద దూరి పనిచేస్తాంటే, చుట్టూ కూర్చుని మాట్లాడుకునేకి వస్తాంటిమి. తొమ్మిది మందిమి మిగిల్నాం. ఎనిమిది మందిమి కాకూడదనుకుంటిమి."

"ఆ మాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? నీ బండి ఒక్కటి ఆమెకు ఎందుకు చూపించలే? టైం లేకనా?"

ఆయన మెడ దగ్గరి కట్టు సర్దుకున్నాడు.

"టైం ఉండె. ఆయమ్మ వస్తాననె కూడా. నేనే వద్దంటి."

"ఎందుకు?"

"రెండేండ్లు నీ వెనకాల ఈ పని చేసి చేసి, నీ మొహం చూడాలంటే నాకు సిగ్గవుతాండె. ఒక్కసారన్నా నీ చేతి మీద నమ్మకంతో పోదామనుకుంటి."

ఈ సంగతి మొత్తంలో నన్ను అన్నిటికన్నా గట్టిగా కొట్టింది చేలో విన్న మాట కాదు, ఇది. నా మీద అనుమానపడ్డవాళ్లంతా క్షేమంగా ఉన్నారు. నమ్మినవాడి ఎముక విరిగింది. ఆయన పోయాక కూడా నేను ఆ కుర్చీ వైపే చూస్తూ కూర్చున్నాను.

మరుసటి పొద్దున ముదిగుబ్బ బస్సెక్కాను.

ఆమె అంగడి ముందు బోరు మోటార్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, స్టూలు వేసింది. వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్లు లేదు. లోపలికి పోయి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది.

వంగిపోయిన పిన్నులు, తిరగేసిన వాషర్లు, మర పోయిన నట్లు, నలిగిన రబ్బర్లు. రెండేళ్లవి. ప్రతిదానికీ ఒక తీగ చుట్టి, అది ఏ బండిలోదో అట్టముక్క మీద రాసి కట్టింది. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఒక్కొక్కటీ నేను బిగించిందే. తెలియక చేసిన పని నాది కాదని బుకాయించవచ్చు. ఎదురుగా పెడితే కుదరదు.

"నన్ను తిట్టేకి దాచినావా ఇవి?"

"లేదు మేస్త్రీ. నేర్చుకునేకి దాచినా. మీరు నేర్పించనంటిరి కదా. తప్పు ఉన్న చోటల్లా, ఒప్పు ఎట్లుండాలో కనుక్కుంటా పోయినా. పని అంతా మీ కాడే నేర్చుకున్నా ఒక లెక్కన."

వీపు పెట్టి దాచిన పని, తెలియకుండా నేనే ఆమె చేతిలో పోశాను. అదీ తప్పుల రూపంలో.

"ఇప్పుడు నాతో ఏం పని నీకు? అంతా వచ్చింది కదా," అన్నాను.

"సగమే వచ్చింది. తప్పు చేసినవి నాకు కనపడినాయి. సరిగ్గా చేసినవి కనపడవు కదా. వాటిని నేను విప్పనే లేదు. విప్పినా, మీరు పెట్టినట్లే మళ్లా పెట్టినా గానీ, ఎందుకో తెలీదు." డబ్బా పక్కకు జరిపి అడిగింది. "ముందు చక్రం మధ్యలో పెద్ద నట్టు ఉంటాది కదా. అన్ని బండ్లల్లో మీరు దాన్ని పూర్తిగా బిగించకుండా, కొంచెం వదులు పెట్టి పిన్ను వేస్తారు. తప్పేమో అనుకుంటి మొదట. ఎనిమిది బండ్లల్లో అట్లే ఉంటే తప్పు కాదులే అని వదిలేసినా. ఎందుకు అట్ల?"

రెండేళ్లుగా నన్నెవరూ ఇలా అడగలేదు. బాగుందని పొగిడారు, ఎందుకని అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. ముందు బిగపట్టాలి, చక్రం చేత్తో తిప్పాలి, తర్వాత కొంచెం వెనక్కి వదలాలి. మన ఎండల్లో, మన రోడ్ల మీద బేరింగు వేడెక్కి ఉబ్బుతుంది. దానికి చోటు లేకపోతే పట్టేస్తుంది. డిపోలో నా రెండో ఏట ఒక బస్సుకు అలా పట్టేసి, చక్రం ఊడి పొలాల్లోకి దొర్లింది. ఆ చక్రం వెనక పరుగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. చెబుతూ చెబుతూ ఎప్పుడు మధ్యాహ్నమైందో తెలియలేదు. ఆమె ఒక్క మాటకూ తల ఊపలేదు. అర్థం కానప్పుడు, "ఆగండి, మళ్లా చెప్పండి," అంది.

ఆ తర్వాత వారానికి రెండు రోజులు పోయాను. నేను చెబుతాను, ఆమె చేస్తుంది. నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదట్లో చాలా కష్టంగా ఉండింది. అవి వాటంతట అవే లేచేవి.

సంఘంలో సంగతి అంత తేలిగ్గా తేలలేదు. దొంగచాటుగా రావడం ఇక వద్దు, ఆదివారం షెడ్డుకే రమ్మని అధ్యక్షుడు కబురు చేస్తే, ఆమె ఒకటే మాట పంపింది. పనిమనిషిగా రాను, మెంబరుగా అయితే వస్తా. దాని మీద మీటింగు పెట్టారు. బట్టల అంగడాయన అభ్యంతరం చెప్పాడు. ఆమె వల్ల ప్రాణం దక్కించుకున్న మొదటి మనిషి ఈయనే.

"మంచిదే గానీ, రూలు ఒకటుండాది కదా. పాత బండి ఉన్నోళ్లే మెంబర్లు. ఆయమ్మకు బండి యాడుండాది?"

"నాకు యాడుండాదప్పా?" అన్నాను.

పన్నెండేళ్లుగా ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన నా వైపు చూశాడు, మిగతావాళ్ల వైపు చూశాడు, కూర్చున్నాడు. లెక్చరర్ అప్పటికే పుస్తకంలో ఆమె పేరు రాస్తున్నాడు. మా అందరిలో ఇప్పుడు అరవై దాటని పేరు అదొక్కటే.

సభ్యురాలిగా ఆమె వచ్చిన మొదటి ఆదివారం అధ్యక్షుడి జీపు చక్రాలు బిగించే పని ఉంది. చక్రం నట్లకు వేలి కొసలతో అంత అవసరం లేదు, అవి నేను బిగిస్తానన్నాను. ఎవరూ వద్దనలేదు. బిగించి, చేతులు తుడుచుకుని లేచాను. ఆమె వచ్చి చక్రం పట్టుకుని ఊపి చూసింది. వంగి దగ్గరగా చూసింది.

"తప్పు మేస్త్రీ. రెండు నట్లు తిరగేసి బిగించినారు."

టీ గ్లాసు ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది ఒకరిది. బట్టల అంగడాయన గొంతు సవరించుకుని, నన్ను వెనకేసుకొస్తూ ఏదో అనబోయాడు. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. డెబ్బై ఏళ్లలో నా మొహం మీద నా పని తప్పని ఇంతమంది ముందు ఎవరూ అనలేదు.

అద్దాలు పెట్టుకుని చూశాను. ఏటవాలు వైపు లోపలికి ఉండాల్సింది బయటికి ఉంది. రెండూ అలాగే ఉన్నాయి.

"అవును," అన్నాను. "తిరగేసినా."

మోకాళ్ల మీద కూర్చుని రెండూ విప్పాను. నా చేతిలోంచి స్పానరు ఎవరూ తీసుకోలేదు. అద్దాలతో ఒక్కొక్కదాని అంచు చూసుకుంటూ, నిదానంగా మళ్లీ బిగించాను. చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక పక్కకు జరిగాను. ఆమె వచ్చి కూర్చుని ఒక్కొక్క నట్టూ తడిమి చూసింది, ఈసారి నా కళ్లముందే.